రెండో కదిరమ్మ

గంగాదేవికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను తోట పనికి పోయిన పూట మామ కుళ్లాయప్ప పాపను ఎక్కడో ఒకచోట విడిచిపెట్టి, విడిచిపెట్టిన సంగతి కూడా మరిచిపోయి, ఒక్కడే ఇంటికొచ్చి కూర్చుంటాడని.

భయాలు ఆమెకు ఇంకా ఉన్నాయి. పాముల భయం ఉంది. బోరుబండి మీద ఊళ్లూ రాష్ట్రాలూ తిరిగే మొగుడు తిప్పేషు మీద ఇనుప గొట్టం జారి పడుతుందన్న భయం ఉంది. అవి వచ్చిపోయే భయాలు. ఇది మాత్రం పొద్దున చెప్పులు తొడుక్కునేటప్పుడు కాళ్లలో చేరి, సాయంత్రం వాకిట్లో చెప్పులు విడిచేదాకా దిగేది కాదు.

ఊరు బెళుగుప్పకు పడమరగా, కరెంటు పుట్టించే గాలి ఫ్యాన్లు తిరిగే గుట్ట కింద ఉంది. ఆ గుట్టకు అవతల దానిమ్మ తోటలో గంగాదేవి పని. నాలుగేండ్లు దాటిన పాప పొద్దున అంగన్‌వాడీకి పోతుంది. అక్కడ అన్నం తిన్నాక కుళ్లాయప్ప పోయి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. పాపకు చనిపోయిన నాయనమ్మ పేరు పెట్టారు, కదిరమ్మ అని. పాప ఆయన్ను 'అబ్బా' అని పిలుస్తుంది. అబ్బా మనవరాలూ ఇంటికి రాగానే చేసే పని ఒకటే. టీవీ పెట్టుకుని రూబెన్ సినిమా చూడటం.

ఏజెంట్ రూబెన్ ఎక్కడో సముద్రాల అవతల తీసిన గూఢచారి సినిమాల హీరో. తెలుగులో మాటలు పెట్టి ఒక చానెల్లో మధ్యాహ్నం పూట వరసగా వేస్తారు. ఆ సినిమాలు తీయడం మొదలుపెట్టి ఎన్నేండ్లయిందో గానీ, మొదటి వాటిల్లో ఫోను గోడకు ఉంటుంది, చివరి వాటిల్లో జేబులో ఉంటుంది. అన్నేండ్లు ఒకే మనిషి ఎట్లా నటిస్తాడు? నటించలేదు. ఒక రూబెన్ ముసలివాడైతే ఇంకొకణ్ణి పెట్టారు. అట్లా నలుగురు. మొగాలు నాలుగు, తెలుగులో మాట్లాడే గొంతు మాత్రం అందరికీ ఒకటే.

ఇది పాపకు మొదట మింగుడుపడలేదు.

"ఈడు రూబేను కాదబ్బా! మొన్నటోడు వేరే ఉండె."

"రూబేనే. వేషం అదే, మనిషి మారినాడు," అన్నాడు కుళ్లాయప్ప. "మా నాటకంలో ఒగటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉంటారు గదా. రాత్రంతా ఒగడే పద్యాలు పాడితే గొంతు యాడుంటుంది? సగం వాడు కడతాడు, సగం వీడు కడతాడు. జనం ఇద్దరికీ దండం పెడతారు. నేను రెండో కృష్ణున్ని."

కుళ్లాయప్ప వయసులో ఉన్నప్పుడు ఊరి నాటకాల్లో వేషం కట్టిన మనిషి. అందుకే సినిమాను ఊరికే చూడడు, తప్పులు పడతాడు.

ఒకటో రూబెన్ అంటే ఆయనకు గౌరవం. శత్రువు ఎదురుగా తుపాకి పట్టుకుని కూర్చున్నా, ఆ మనిషి తన టీలో చక్కెర కలుపుకోవడానికి తొందరపడడు. "చెయ్యి చూడు పాపా, చెయ్యి. భయపడినోని చెయ్యి ముందు ఉరుకుతుంది. ఈని చెయ్యి కూచ్చోని ఉండాది." రెండో రూబెన్ అందగాడు, అంతే. "వీడు అద్దంలో చూసుకుంటా కొట్లాడుతాండాడు. దెబ్బ తగిలితే ముందు క్రాపు సవరించుకుంటాడు." మూడోవాడు కొట్టే ముందు ఒక తమాషా మాట చెబుతాడు. కొట్టినాక చెప్పాల్సిన మాట ముందే చెప్పేస్తే దెబ్బకు విలువుండదని కుళ్లాయప్ప వాదన. నాలుగోవాడు పెద్దగా మాట్లాడడు. వాడు గెలిచి ఇంటికొచ్చి, ఎవరూ లేని గదిలో బూట్లు విప్పుకుంటూ ఆగిపోయే సీను ఒకటుంది. అది వస్తే ముసలాయన పాపను కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు.

రూబెన్‌కు పనులు పురమాయించే ఆఫీసరమ్మ ఒకామె ఉంది. రూబెన్లు మారినా ఆమె మారలేదు. వీళ్లు ఆమెకు పెద్దమ్మ అని పేరు పెట్టారు. పెద్దమ్మ అరవదు, బల్ల గుద్దదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడుతుంది. "అద్దాలు తీసింది! రూబేనుకు మూడింది!" అని అబ్బా మనవరాలూ ఒకేసారి చప్పట్లు కొట్టేవాళ్లు.

ఒకరోజు పాప ఎగిరి నిలబడింది. "అబ్బా! చచ్చిపోయినోడు మళ్ల వచ్చినాడు!"

నిజమే. ముందు సినిమాలో మంచులో పడి చచ్చిన దొంగ ఈ సినిమాలో కారు డ్రైవరుగా వచ్చాడు.

"మనుషులు తక్కువైతే అట్లనే చేస్తారు," అన్నాడు కుళ్లాయప్ప. "మా బయ్యన్న ఒకే రాత్రి రెండుసార్లు చచ్చేటోడు. రెండోసారి చచ్చినప్పుడు ముందు వరసలో ఎవరో అడిగినారు, ఏమప్పా, నువ్వు ఇందాకే చచ్చినావు గదా అని. పండుకోనే చెప్పినాడు, అది మా అన్న అని."

ఆ పూట తోట పని లేక ఇంట్లోనే ఉండి, తలుపు దగ్గర పళ్లెం కడుగుతున్న గంగాదేవికి కూడా నవ్వొచ్చింది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి పెళ్లి చేశారు ఆమెకు. ఆ సినిమాల్లో ఎవరు ఎవరి మనిషో సగం అర్థమయ్యేది కాదు. ఒక్క సంగతి మాత్రం బాగా అర్థమైంది. ఏ రూబెన్ అయినా గదిలోకి అడుగుపెడితే ముందు తలుపులు ఎన్నున్నాయో, కిటికీ ఎక్కడుందో చూస్తాడు. తనూ అంతే. గ్యాసు కట్టేసిందా, నీళ్ల డ్రమ్ము మీద మూత ఉందా, పాప అందుకునే ఎత్తులో కత్తి ఉందా. ఆ పని చేసినందుకు రూబెన్‌కు జీతమిస్తారు, నాకు 'పిరికిది' అని పేరు పెడతారు అనుకునేది.

పాప అడిగే ప్రశ్నలకు అంతుండేది కాదు. "ఒగటో రూబేను ఇప్పుడు యాడుండాడు?"

"వాని వేషం అయిపోయింది. తెర యెనక్కి పోయి కూచ్చున్నాడు."

"ఆడేం చేస్తాడు?"

"ఏం చేస్తాడు, బీడీ తాగుతాడు. రెండోవాడు బాగా చేస్తే మెచ్చుకుంటాడు. అరిచేది, మధ్యలో ముందుకొచ్చేది చేయకూడదు. అది మర్యాద."

ఆ ఇంట్లో తెర ఉంది, ఉత్త మాట కాదు. నాటకం మేస్త్రి సోమప్ప పోయాక, వేషాలు కట్టేవాళ్లు తలో దిక్కు అయ్యాక, ఊరి నాటకాల తెర కుళ్లాయప్ప ఇంటికి చేరింది. ఇప్పుడది పెరట్లో నీళ్లు పోసుకునే బండకు చాటుగా కట్టి ఉంది. రంగులు వెలిసి, ఒక నెమలి మెడా నాలుగు మెట్లూ మాత్రం కనబడతాయి.

మామ మతి చెదురుతోందని గంగాదేవికి తెలిసింది వాకిట్లో చెప్పులు విడిచే దగ్గరే. తోట పనికి పోయే ఆడవాళ్లు చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకూ మొగానికీ తుండు చుట్టుకుంటారు. ఆమె అట్లాగే ఇంటికొచ్చి తుండు విప్పింది. కుళ్లాయప్ప అరుగు మీద నుంచి మర్యాదగా, "ఎవరమ్మా? తిప్పేషు ఊళ్లో ల్యా," అన్నాడు.

తమాషా అనుకుంది. రెండోసారి తమాషా అనుకోలేదు. అనంతపురం తీసుకుపోతే డాక్టరు చాలాసేపు మాట్లాడించి, ఇది తగ్గే మతిమరుపు కాదమ్మా, మెల్లగా పెరిగేదే, ముందు మనుషుల మొగాలు మరిచిపోతున్నాడు, చిన్నబిడ్డను ఒంటరిగా అప్పగించొద్దు అన్నాడు. తిప్పేషుకు ఫోన్ చేస్తే, "మా నాయన చేతుల్లో నేను పెరగలేదా? నీకు అన్నిటికీ భయమే," అన్నాడు. మామతో చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. ఏమని చెబుతుంది? 'నీ మనవరాలి చెయ్యి నువ్వు పట్టుకోవద్దు' అనా? ఆ మాట నోట్లోనే పెట్టుకుని తోటకు పోయింది.

ఒక సాయంత్రం విసుగొచ్చి ఒక పని చేసింది. ఆయన మళ్లీ "ఎవరమ్మా?" అనగానే, విప్పిన తుండును రెండు చేతులతో మొగానికి అడ్డంగా పట్టుకుంది. వీధినాటకంలో ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే, వేషం దాని వెనక నుంచి తనెవరో పాడి చెప్పుకుంటుంది, అప్పుడు తెర దించుతారు. ఆమె చిన్నప్పుడు చూసిందే.

"వచ్చితిని వచ్చితిని తెర తీయరయ్యా, తిప్పేషు ఇల్లాలు గంగమ్మ నేను!"

కుళ్లాయప్ప మొగం వెలిగింది. "రావమ్మా గంగాదేవీ! దించండిరా తెర!" అని అరుగు మీద తాళం వేశాడు. మొగం జారిపోయినా గొంతూ పేరూ ఇంకా ఆయన దగ్గర ఉన్నాయి. ఆ రోజు నుంచి గంగాదేవి ప్రవేశం పాడే ఇంట్లోకి వచ్చేది. వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు. పాప కూడా నేర్చుకుంది. పక్క సందులో బట్టలు కుట్టే హబీబా కూతురు సిమ్రాన్ పాపకు జోడీ, పాపను 'కదిరి' అని పిలిచేది. ఇద్దరూ తువ్వాలు పట్టుకుని, ఒకసారి ఇది రూబెన్, ఒకసారి అది రూబెన్, ఒకసారి దీని పేరు దానికీ దాని పేరు దీనికీ, ఆడిందే ఆట.

ఇద్దరికీ ఒకే రకం గౌను కావాలని మారాం చేస్తే, హబీబా ఒకే తాను లోంచి రెండు పసుపు గౌన్లు కుట్టింది. గంగాదేవి చేతులారా పాపకు తొడిగింది. తలుపులూ కిటికీలూ చూసుకునే మనిషికి ఆ ఒక్కటి తోచలేదు.

ఆ మధ్యాహ్నం దానిమ్మ కాయలకు కాగితాలు చుడుతుంటే ఫోన్ మోగింది. హబీబా.

"గంగా, మా సిమ్రాన్ అంగన్‌వాడీలో ల్యాకుంటే మీ ఇంటికొచ్చినా. ఈడనే ఉండాది. మరి మీ పాప యాడ?"

"మా మామ పిలుచుకొచ్చింటాడు గదా!"

"పిలుచుకొచ్చినాడు. మా దాన్ని పిలుచుకొచ్చినాడు. మీ పాప యాడంటే సిమ్రాన్‌నే చూపిస్తాండాడమ్మా."

గంగాదేవి చేతిలో కాయ ఎక్కడ పడిందో చూడలేదు. గుట్ట ఎక్కి అడ్డదారిన పరుగెత్తింది. ఆ దారిలో నీళ్లు పడక వదిలేసిన బోరు గుంతలున్నాయి. కొన్నిటి మీద రాయి ఉంది, కొన్నిటి మీద ముళ్లకంప ఉంది, కొన్నిటి మీద ఏమీ లేదు. మూత లేని ప్రతి గుంత దగ్గరా వంగి, "పాపా!" అని పిలిచి, ఆగి విని, మళ్లీ పరుగెత్తింది. పైన ఫ్యాన్లు తమ పాటికి తాము తిరుగుతున్నాయి.

ఇంట్లో టీవీ మోగుతోంది. చాప మీద సిమ్రాన్ పసుపు గౌనులో కూర్చుని వేయించిన శెనక్కాయలు ఒలుచుకు తింటోంది. హబీబా గడపలో నిలబడి ఉంది, కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"మామా, పాప యాడ?"

కుళ్లాయప్ప చొక్కా, తుండు ఉన్న ఆ ఆకారాన్ని చూసి, "ఎవరప్పా నువ్వు?" అన్నాడు. ప్రవేశం పాడే ఓపిక ఆమెకు లేదు. చాప మీదికి వంగింది.

"సిమ్రానూ, కదిరి యాడుండాది తల్లీ? నిజం చెప్పు."

"తాత నా చెయ్యి పట్టుకున్నాడత్తా. నేను సిమ్రాన్‌ను అంటే, ఈ పొద్దు సిమ్రాన్ వేషమా, సరే పద అన్నాడు. శెనక్కాయలు ఇస్తానన్నాడు." సిమ్రాన్ పొట్టు ఊదింది. "అంగన్‌వాడీ ఆయమ్మ గూడా పోండి పోండి అనింది. కదిరి మా యెనకనే వచ్చింది."

"యెనకొచ్చి?"

"లోపలికొస్తాంటే తాత, నువ్వెవరమ్మా, మా పాప వచ్చేసింది గదా అన్నాడు. అది ఏం మాట్లాడలే. పోయింది."

"యా అల్లా," అంది హబీబా. "పద, బావి దిక్కు నేను పోతా, రోడ్డు దిక్కు నువ్వు పో."

గంగాదేవి కదల్లేదు. టీవీలో అప్పుడే నాలుగో రూబెన్ బూట్లు విప్పుకుంటున్నాడు. 'మా పాప వచ్చేసింది గదా.' ఒకరు వచ్చేస్తే మరొకరు ఎక్కడికి పోతారు? వేషం అయిపోయినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?

పెరట్లోకి పోయి తెర పక్కకు లాగింది.

నీళ్లు పోసుకునే బండ మీద, చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుని, వీపు నిటారుగా, పాప కూర్చుని ఉంది. అరవలేదు, ఏడవలేదు. ముందుకు రాలేదు. మర్యాదగా కూర్చుని ఉంది.

గంగాదేవి ముందు వీపు మీద ఒకటి వేసింది. తర్వాత ఎత్తుకుంది. "ఈడేం చేస్తాండావే? పిలిస్తే పలకవా?"

"నా వేషం అయిపోయింది గదమ్మా," అంది పాప. "అబ్బ రెండో కదిరమ్మను తెచ్చుకున్నాడు." తల్లి చొక్కా గుండీ తిప్పుతూ అడిగింది. "ఒగటో రూబేను మళ్ల రాలేదు. నేను గూడా రాకూడదా?"

"నీకు రెండోది ల్యా, మూడోది ల్యా," అంది గంగాదేవి. కిందికి దింపి గౌను సర్దింది. "నీ వేషానికి నువ్వొక్కదానివే. పద, లోపలికి పోయి చెప్పు."

గడపలో నిలబెట్టి, తన తుండునే పాప ముందు అడ్డంగా పట్టుకుంది. రెండో కొస హబీబా పట్టుకుంది. వెనక నుంచి సన్నగా వినబడింది:

"వచ్చితిని వచ్చితిని తెర తీయరయ్యా, కుళ్లాయప్ప మనవరాలు కదిరమ్మ నేను."

కుళ్లాయప్ప చెయ్యి తాళం వేయబోయి ఆగింది. తుండు దిగింది. ఆయన గడపలో పసుపు గౌనును చూశాడు, చాప మీద పసుపు గౌనును చూశాడు.

"మరి ఈ పాప?"

"నేను సిమ్రాన్ తాతా! అంగన్‌వాడీ కాడ నుంచి చెప్తానే ఉండా!"

హబీబా కొంగుతో కండ్లు తుడుచుకుని నవ్వింది. "పోనీలే పెద్దాయనా. మా దాన్ని ఎత్తుకొచ్చి శెనక్కాయలు పెట్టినావు. మాకేం నష్టం ల్యా."

ఆయన నవ్వలేదు. లేచి టీవీ కట్టేశాడు. సినిమా మధ్యలో ఆయన టీవీ కట్టేయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"గంగా," అన్నాడు. ఆ పూట పాడకుండానే గుర్తుపట్టాడు. "ఒకే వేషానికి ఇద్దరు ఉన్నప్పుడు, ఇప్పుడు నువ్వు పో, ఇప్పుడు నువ్వు రా అని చెప్పే మేస్త్రి ఒగడుండాల. మాకు సోమప్ప ఉండె. నా తలకాయలో ఇప్పుడు మేస్త్రి లేడమ్మా. పాప చెయ్యి నాకియ్యొద్దు."

నెలల తరబడి ఆమె నోట్లో పెట్టుకుని తిరిగిన మాట అదే. ఆయనే అనేసరికి, కాదు మామా అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే అబద్ధమవుతుంది.

కంబదూరులో ఉన్న ఆడబిడ్డ రామాంజినమ్మకు ఫోన్ చేసింది. ఆమె అంతా విని, "మా నాయన నాకు బరువా వదినా? పంపియ్యి," అంది. తిప్పేషు ఫోన్లో ఒకసారి అరిచి, చివరికి సరే అన్నాడు. బస్సెక్కించేటప్పుడు పాప అబ్బ చెయ్యి వదల్లేదు. "తెర యెనక్కి పోతాండావా అబ్బా?" అని అడిగింది. "కాదు, వేరే ఊళ్లో ఆట ఉండాది," అన్నాడు ఆయన. చూసినవాళ్లకు, నాటకానికి పోతున్న మనిషిలాగే కనబడ్డాడు.

ఇప్పుడు అంగన్‌వాడీ నుంచి ఇద్దరు పిల్లల్నీ హబీబా తీసుకొస్తుంది. చెప్పులు తొడుక్కోగానే గంగాదేవి కాళ్లలో చేరే ఆ పెద్ద భయం పోయింది. దాని స్థలంలోకి ఇంకోటి వచ్చింది. వేషం అదే, మనిషి మారాడు, అంతే.

రామాంజినమ్మ కంబదూరు బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. ఆ వేళకు ఇంట్లో కుళ్లాయప్ప ఒక్కడే. టీవీ పెట్టుకోవడం ఒక్కోసారి మరిచిపోతాడు, మూతపెట్టిన అన్నం సంగతి కూడా మరిచిపోతాడు. ఫోన్ చేస్తే ఎత్తేది తెలియదు.

కాబట్టి ఇది చదివినవాళ్లలో ఎవరికైనా మధ్యాహ్నం పూట కళ్యాణదుర్గం నుంచి ఆ దారిన పోయే పని పడితే, కంబదూరులో దిగి, బడి వంట రామాంజినమ్మ ఇల్లు ఎక్కడని అడగండి. నేరుగా లోపలికి పోవద్దు, బెదురుతాడు. వాకిట్లోనే నిలబడి తుండో, కొంగో మొగానికి అడ్డం పట్టుకుని, మీరెవరో గట్టిగా చెప్పండి. గంగాదేవి పంపిందని చెప్పండి. "దించండిరా తెర" అని వినబడ్డాక లోపలికి పోయి, టీవీలో ఎన్నో రూబెన్ వస్తున్నాడో అడగండి, ఆయనే చెబుతాడు. ఆ మాటల్లో పెట్టి, అన్నం తిన్నాడో లేదో ఒక్కసారి చూసి రండి.